మన ఊళ్ల కోసం ఒక రేడియో పెడితే ఏం వినిపించాలి? అసలు వినేవాళ్లున్నారా?

బోడసకుర్రు_కుర్రాడు
చాలా రోజుల నుంచి కడుపులో ఉన్న మాట, ఇక్కడ కక్కేస్తున్నా. ఏ ఎఫ్ఎం పెట్టినా మాదాపూర్ ట్రాఫిక్, ఎవరికో ఫోన్ చేసి ఏడిపించడం, మధ్యలో సినిమా పాటలు. అమలాపురంలో బస్సెక్కినవాడికి మాదాపూర్ సిగ్నల్ దగ్గర జామ్ అయితే ఏంటి, కాకపోతే ఏంటి? అంబాజీపేటలో కొబ్బరికాయ ధర ఎంత పలికింది, ఈ వారం కాలువకి నీళ్లొస్తాయా రావా, రేవులో పంటు (గోదారి దాటించే పడవ) తిరుగుతోందా లేదా, ఇవి చెప్పే గొంతు ఒక్కటీ లేదు.

కమ్యూనిటీ రేడియో అని ఒకటుందనీ, చిన్న సంఘాలు కూడా లైసెన్స్ తెచ్చుకోవచ్చనీ తెలిసింది. మా యువజన సంఘానికి రిజిస్ట్రేషన్ ఉంది, పాత లైబ్రరీ గది ఖాళీగా ఉంది. మీరైతే ఏ కార్యక్రమాలు పెడతారు? నిజంగా వింటారా, లేక "బాగుందండి" అని చేతులు దులుపుకుంటారా?

ఎటకారం_అండ్_కో
బాగుందండి.

ఎటకారం_అండ్_కో
సరదాకి అన్నాను లెండి. కానీ నిజం చెప్పండి, వాట్సాప్ ఉండగా రేడియో ఎందుకు? మా వీధి గ్రూపులో కాయ ధర ఉదయం ఏడింటికే వచ్చేస్తుంది. దాంతోపాటు ముప్పై గుడ్ మార్నింగులు, నాలుగు పువ్వులు, ఎవరో చనిపోయారని పెట్టిన పోస్టు కింద పొరపాటున ఒక చప్పట్ల బొమ్మ.

తీగ_తెగిన_ట్రాన్సిస్టర్
కుర్రాడు గారూ, ఉత్సాహం బాగుంది. ముందు రూల్స్ చూసుకోండి. వ్యక్తులకి, పార్టీలకి, లాభం కోసం నడిచే కంపెనీలకి ఇవ్వరు. విద్యాసంస్థలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, లాభాపేక్ష లేని సంఘాలు పెట్టుకోవచ్చు. సంఘమైతే రిజిస్టరై కనీసం మూడేళ్లు అయ్యుండాలి, ఊళ్లో చేసిన పని చూపించాలి. దరఖాస్తు ఢిల్లీలో సమాచార ప్రసార శాఖకి, ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే.

ట్రాన్స్‌మిటర్ 100 వాట్లు, టవర్ ఎత్తు 30 మీటర్లు మించకూడదు. చుట్టూ పది, పదిహేను కిలోమీటర్లు వినిపిస్తుంది. మనది బల్లపరుపు నేల, కొండా గుట్టా అడ్డం లేదు, కాబట్టి ఆ పదిహేనుకి దగ్గరగానే రావచ్చు. అంటే బోడసకుర్రులో పెడితే అమలాపురం దాకా ఢోకా లేదు. రాజమండ్రిలో ఉన్న మీ బావగారు వినాలంటే యాప్‌లో పెట్టుకోవాల్సిందే.

బోడసకుర్రు_కుర్రాడు
బావ వినకపోతేనే మంచిది. మూడేళ్ల సంగతి ఓకే, మాది అంతకంటే పాతదే.

పాత_పంతులు
మీరంతా కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. మా చిన్నప్పుడు పంచాయతీ ఆఫీసులో ఒక రేడియో, బయట చెట్టుకి ఒక మైకు ఉండేవి. సాయంత్రం విజయవాడ కేంద్రం నుంచి పాడిపంటలు వచ్చే వేళకి అరుగు నిండిపోయేది. విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబర్ 1న. రేడియోలో విని వరి రకాలు మార్చిన రైతులున్నారు. తమిళనాట తంజావూరు వైపు ఏడీటీ-27 అనే రకాన్ని జనం "రేడియో వరి" అనే పిలిచేవారు.

1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తర్వాత కూడా చాన్నాళ్లు నాన్చి 2002లో విద్యాసంస్థలకి, 2006లో మామూలు సంఘాలకి తలుపు తెరిచారు. మన తెలుగువాళ్లే ముందు దూరారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో మొదలైంది. నడిపేది పొలం పని చేసుకునే ఆడవాళ్లు. విత్తనాల గురించి, పండుగల గురించి, తిండి గురించి వాళ్ల మాటలోనే చెప్తారు. జొన్నరొట్టె తినే చోట అది సాగినప్పుడు, వరన్నం తినే చోట ఎందుకు సాగదు?

ఎటకారం_అండ్_కో
వరన్నం తిన్నాక నిద్రొస్తుంది మాస్టారూ.

భీమారం_రొయ్య
భీమవరంలో ఆల్రెడీ ఉందండి, రేడియో విష్ణు 90.4. ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలోంచి వస్తుంది, కాలేజీ అమ్మాయిలు కార్యక్రమాలు చేస్తారు. కాబట్టి డెల్టాలో అసలు లేదనడం కరెక్ట్ కాదు.

ఇక వినేవాళ్ల సంగతి. మా రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉండే ఆయనకి ఫోన్‌లో డేటా అయిపోయినా, చిన్న రేడియో మాత్రం మంచం కోడుకి వేలాడుతూ ఉంటుంది. తెల్లారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయే టైము, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగకూడదు. ఆ టైములో కరెంటు పోతే ఒక్క గంటలో సరుకు పైకి తేలిపోతుంది. "రేపు ఉదయం ఫలానా ఫీడర్‌లో మూడు గంటలు కోత ఉంది, డీజిల్ చూసుకోండి" అని ముందురోజు సాయంత్రం చెప్పే రేడియో ఉంటే నేను నెలకి చందా కడతాను. పాటలు వేయకపోయినా ఫర్వాలేదు. కౌంట్ ధరలు, అదే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి పలికే ధరలు కూడా చెప్పాలి. వంద కౌంట్ ఎంత, నలభై కౌంట్ ఎంత. ఏజెంటు ఒకటి చెప్తాడు, పక్క చెరువు వాడికి ఇంకోటి చెప్తాడు.

గోదారి_గట్టు
ఏజెంటు దగ్గర డబ్బు తెచ్చి మేత వేసినవాడికి రేడియోలో ధర తెలిస్తే ఏం ఒరుగుతుంది? సరుకు వాడికే పోయాలి కదా.

భీమారం_రొయ్య
అప్పు ఉన్నా సరే, ఎంత నొక్కేస్తున్నాడో తెలియాలి కదండీ.

లంక_మనిషి
రొయ్య గారి మాట నిజం. నాది ఇంకో సంగతి. వరదలొచ్చినప్పుడు టీవీల్లో "ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక" అని ఎర్ర అక్షరాలు పరుగెడతాయి. మొదటిది 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. లెక్క మాకు తెలుసు. కానీ ఆ లెక్కకి మా లంకలో ఎవరి గడప మునుగుతుందో ఎవరు చెప్తారు? మొదటి హెచ్చరిక రాకముందే కొన్ని చోట్ల కాజ్‌వేలు మునిగిపోతాయి. చాకలిపాలెం - కనకాయలంక కాజ్‌వే చూడండి, ఏటా అదే కథ. బడికెళ్లిన పిల్లలు అటు, తల్లిదండ్రులు ఇటు.

2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటింది. అక్కడ పెరిగిన నీళ్లు ధవళేశ్వరం దిగడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజే మాకు చేతిలో ఉండేది. గేదెల్ని గట్టెక్కించాలా, బియ్యం అటకెక్కించాలా, ముసలాళ్లని ముందు పంపాలా, ఆ రోజులోనే తేల్చుకోవాలి. ఆ వారం కరెంటు లేదు, టవర్లు పడిపోయాయి. ఎటకారం గారూ, మీ గుడ్ మార్నింగులు మాకు రాలేదు. బ్యాటరీ రేడియో ఒక్కటే పలికింది, అందులో మా లంక పేరు మాత్రం రాలేదు.

ఎటకారం_అండ్_కో
దీనికి ఎటకారం లేదండి. ఒప్పుకున్నా.

నూటొక్క_డౌటు
నాకు డౌటు. ఆ వరదలో మీ లైబ్రరీ గదిలో ఉన్న ట్రాన్స్‌మిటర్ మునగదా? దానికి కరెంటెవడిస్తాడు? బోడసకుర్రు ఏమైనా ఏనుగు కొండ మీద ఉందా?

తీగ_తెగిన_ట్రాన్సిస్టర్
మంచి డౌటే. మెషిన్ మేడ మీద గదిలో పెట్టాలి, జనరేటర్‌కి డీజిల్ వర్షాకాలం ముందే నింపుకోవాలి. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ పెద్దగా కరెంటు తినదు, మిక్సరూ కంప్యూటరూ కలిపినా మంచి ఇన్వర్టర్ కొన్ని గంటలు లాగుతుంది. అయితే గాలికి టవరే పడిపోతే చేసేదేం లేదు. 1996 నవంబర్ 6 తుఫాను చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, కొబ్బరిచెట్లే మెడలు విరిగి పడ్డాయి. టవర్‌ని నాలుగు వైపులా పట్టి ఉంచే గై వైర్లు బాగా లాగి కట్టించుకోండి, అందులో మాత్రం పీనాసితనం వద్దు.

యానాం_వాసి
మా పరిస్థితి ఇంకా గమ్మత్తు. మా పుదుచ్చేరికి యూనివర్సిటీ వాళ్ల పుదువై వాణి 107.8 ఉంది. ఆ తరంగం మా యానాం రావాలంటే బస్సెక్కి రావాలి.

పూతరేకు
యానాం వాసి గారు 😂

కుర్రాడు గారూ, ఊరి వార్తలు చదువుతారా? సర్పంచి గారి రోడ్డు కాంట్రాక్టు గురించి ఒక ఎపిసోడ్ పెడితే కోనసీమ మొత్తం వింటుంది.

తీగ_తెగిన_ట్రాన్సిస్టర్
అక్కడే ఆగండి. కమ్యూనిటీ రేడియోలో సొంత వార్తలు చదవకూడదు. ఆకాశవాణి వార్తల్ని మార్చకుండా యథాతథంగా వేసుకోవచ్చు, అంతే. అయితే వాతావరణం, ట్రాఫిక్, కరెంటు, నీటి సరఫరా, పరీక్షలు, అడ్మిషన్లు, జాతరలు, ఆటలు, విపత్తు హెచ్చరికలు, ఇవన్నీ వార్తల కింద లెక్కేయరు. పైన అందరూ అడిగినవి దాదాపు ఇందులోనే ఉన్నాయి చూడండి. కాంట్రాక్టు ఎపిసోడ్ మాత్రం కుదరదు.

పూతరేకు
అంటే మజా అంతా తీసేసి పథ్యం పెడతారన్నమాట.

గోదారి_గట్టు
నాకు ఆ రూలు నచ్చదు. ప్రైవేటు టీవీలు అరుచుకోవచ్చు, పేపరు పెట్టినవాడు రాసుకోవచ్చు, ఊరి రేడియో మాత్రం నోరు మూసుకోవాలా? మురుగు కాలవలో గుర్రపుడెక్క ఎందుకు తీయలేదు అని అడిగితే అది వార్తా, ఫిర్యాదా, వ్యవసాయ కార్యక్రమమా?

పాత_పంతులు
వ్యవసాయ కార్యక్రమంలో రైతు గొంతుతో అడిగించు నాయనా. "మా చేలో నీరు దిగడం లేదండి, ఇదిగో డ్రెయిను ఇలా ఉంది" అని రైతు చెప్తే చాలు. వెనకాలే ఇంజనీరు గారిని పిలిచి ఆయన మాట కూడా వినిపించు. పేర్లు పెట్టి తిట్టక్కర్లేదు.

మారుటేరు_మడి
వ్యవసాయ కార్యక్రమం అంటే గుర్తొచ్చింది. దయచేసి ఆ పాఠాలు మాత్రం వద్దు. "రైతు సోదరులారా, సమగ్ర సస్యరక్షణ చర్యలలో భాగంగా..." అనగానే మా నాన్న గొంతు తగ్గించేస్తారు. మా పక్కనే వరి పరిశోధన కేంద్రం ఉంది. స్వర్ణ రకం ఇక్కడే పుట్టింది, కాటన్‌దొర సన్నాలు ఇక్కడివే. శాస్త్రవేత్తలకి విషయం తెలుసు, కాదనను. వాళ్లని స్టూడియోలో కూర్చోబెట్టకండి, చేను గట్టు మీద నిలబెట్టండి. రైతు దుబ్బు పీకి చూపించి "ఇదేంటండీ" అంటే ఆయన చెప్పే జవాబు వేరుగా ఉంటుంది.

ఇంకొకటి. దాళ్వాకి (రెండో పంటకి) కాలువ నీళ్లు వంతులు పెట్టినప్పుడు, నీళ్లు వదిలే లస్కరు ఎక్కడున్నాడో కనుక్కోవడమే ఒక ఉద్యోగం. శివారు రైతు అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర కాపలా కాస్తాడు. ఏ బ్రాంచికి ఏ రోజు నుంచి ఏ రోజు దాకా వదులుతున్నారో పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి చదివితే చాలు. తూముల దగ్గర కొట్లాటలు సగం తగ్గుతాయి.

నూటొక్క_డౌటు
ఇరిగేషన్ వాళ్లు చెప్పింది చదువుతారు సరే, చెప్పిన రోజు నీళ్లు రాకపోతే రైతులు వచ్చి పడేది రేడియో గది మీదే.

మారుటేరు_మడి
రానివ్వండి, అక్కడే మైకు పెట్టండి.

రేవు_కాడ
పంటు సంగతి ఎత్తారు కాబట్టి చెప్తున్నా. మాది సఖినేటిపల్లి వైపు. మా పిన్నికి ఒంట్లో బాగోలేకపోతే నరసాపురం తీసుకెళ్దామని రాత్రి కారు కట్టించుకుని రేవుకొచ్చాం. ఎదురుగా నరసాపురం లైట్లు కనిపిస్తున్నాయి. వరద ఉధృతి ఎక్కువైందని పంటు సాయంత్రమే ఆపేశారట. ఆపడం తప్పని అనను, ప్రాణాలు ముఖ్యం. కానీ మాకు తెలిసింది రేవులో దిగాకే. మళ్లీ వెనక్కి తిరిగి దిండి, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాం. కారులో పిన్ని ఒక్క మాట మాట్లాడలేదు, చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. "పంటు ఆగింది" అన్న రెండు ముక్కలు ఇంట్లో ఉండగా వినపడి ఉంటే ముందే చించినాడ దారి పట్టేవాళ్లం.

లంక_మనిషి
ఇప్పుడెలా ఉన్నారండీ పిన్నిగారు?

రేవు_కాడ
బాగానే ఉంది. నన్ను తిడుతోంది కూడా.

కుట్టుసూది_కథలు
నరసాపురం పక్క ఊరు మాది, లేసు అల్లుతాం. ఇక్కడ అందరూ మగవాళ్లలాగున్నారు, ధరలూ నీళ్లూ తప్ప ఇంకేం అక్కర్లేదా మీకు? లేసు అల్లేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు, కళ్లు దారం మీంచి తీయకూడదు. ఒక్క ముడి తప్పితే వరసంతా విప్పాలి. టీవీ చూడలేం, ఫోన్ పట్టుకోలేం. మాకు మిగిలింది చెవులే. మీ రేడియోకి అసలైన శ్రోతలం మేమే, గుర్తు పెట్టుకోండి. కథలు కావాలి, సీరియల్ కావాలి, పాతపాటలు కావాలి, మంత్రసానులు పాడే పాటలు తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లు పోకముందు రికార్డు చేయండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒకసారి ఒక రేడియో వాళ్లు వచ్చి మమ్మల్ని మాట్లాడించారు. "ఏటండీ" అంటే ఆపారు, "ఆయ్" అంటే ఆపారు. "స్పష్టంగా మాట్లాడండమ్మా" అని మళ్లీ మళ్లీ చెప్పించారు. చివరికి మా తోటికోడలు స్కూల్లో పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది. వచ్చాక విన్నాం. ఎవరి గొంతో అనిపించింది. మీరు కూడా అలా చేసేటట్టయితే పెట్టకండి.

బోడసకుర్రు_కుర్రాడు
అక్కా, ఇది రాసి గోడకి అంటిస్తా. యాంకర్లే ఆయ్ అంటారు మా దగ్గర.

పూతరేకు
ఆయ్.

ఎటకారం_అండ్_కో
ఆయ్.

నూటొక్క_డౌటు
ఆయ్, డబ్బులో?

తీగ_తెగిన_ట్రాన్సిస్టర్
యాడ్స్ వేసుకోవచ్చు. 2024 ఫిబ్రవరిలో కొత్త మార్గదర్శకాలొచ్చాయి, గంటకి ఏడు నిమిషాలున్నది పన్నెండు చేశారు. ప్రభుత్వ ప్రకటనలకి పది సెకన్ల రేటు 52 నుంచి 74 రూపాయలకి పెంచారు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా, ఊరి జనంతో తయారుచేసినవే ఉండాలి. అంటే సినిమా పాటలతో నెట్టుకొద్దామంటే కుదరదు.

ఇంకో చిక్కు ఫోన్లు. కొత్త ఫోన్లలో చాలావాటికి ఎఫ్ఎం తీసేశారు. తీయొద్దని 2023లో కేంద్రం కంపెనీలకి సూచన పంపింది. ఉన్నవాటికి కూడా ఇయర్‌ఫోన్ గుచ్చితేనే పలుకుతుంది, ఆ తీగే ఏంటెన్నా.

గోదారి_గట్టు
డబ్బు దగ్గరే అసలు రోగం మొదలవుతుంది. ఊళ్లో పెద్ద షాపు ఎవరిది? పెద్ద చెరువులెవరివి? వాళ్లే యాడ్ ఇస్తారు. ఆ తర్వాత వాళ్లబ్బాయి పుట్టినరోజు శుభాకాంక్షలు, వాళ్ల నాయకుడి పుట్టినరోజు, వర్ధంతి, జయంతి. కూడలిలో ఉన్న ఫ్లెక్సీలన్నీ నీ రేడియోలోకి వచ్చేస్తాయి. రెండో నెలలో ఇంకో వీధి వాళ్లు "మా వాళ్ల గొంతు ఒక్కసారైనా వినిపించిందా" అని అడుగుతారు. న్యాయమే కదా. లైబ్రరీ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో చెప్పు, నీ రేడియో ఎవరిదో నేను చెప్తా.

బోడసకుర్రు_కుర్రాడు
తాళం నా దగ్గరే ఉంది. ఏ వీధి అని అడక్కండి.

గోదారి_గట్టు
అడగను. నువ్వే ఆలోచించుకో.

పాత_పంతులు
గట్టుగారు కటువుగా అన్నా సంగతి అదే. పార్టీలకి లైసెన్స్ లేదని కాగితం మీద ఉంటుంది, కానీ పార్టీ మనిషి కాగితం మీద నడిచి రాడు. ప్రతి పేట నుంచి ఒకరు కమిటీలో ఉండాలి, అందులో సగం ఆడవాళ్లు. తాళాలు రెండు చేయించి రెండు వీధుల్లో పెట్టండి. పుట్టినరోజులు పదేళ్లలోపు పిల్లలవే చదువుతాం అని మొదటి రోజే బోర్డు కట్టేయండి. నాయకులు ఆ వయసు దాటేసి ఉంటారు.

ఎటకారం_అండ్_కో
బుద్ధి లెక్కన చూస్తే కొందరు దాటలేదు మాస్టారూ.

మోడరేటర్
రాజకీయం ఇక్కడితో ఆపుదాం. పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను.

అంతర్వేది_వల
మాకోసం ఎవరూ అడగలేదు కాబట్టి నేనే అడుగుతున్నా. రామేశ్వరం దగ్గర పాంబన్‌లో కడల్ ఓసై అని జాలర్ల కోసమే ఒక రేడియో ఉంది, 90.4 మీదే, 2016 నుంచి. గాలి ఎటు, అల ఎంత, వేటకి వెళ్లొచ్చా వద్దా అన్నీ చెప్తారంట. మాకు కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ ఇంటిదగ్గరే. భృతి కాగితాలు ఎక్కడివ్వాలి, ఎవరి పేరు లిస్టులో లేదు, ఇవి చెప్పినా చాలు. మీ బోడసకుర్రు సిగ్నల్ మా దాకా రాదనుకోండి. అయినా అడిగి పెట్టుకుంటున్నా.

మైకు_వెనకాల
ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. నేను ఒక చిన్న స్టేషన్‌లో వాలంటీర్‌గా పనిచేశాను, పేరు వద్దు. మీరంతా ఏం వినిపించాలా అని మాట్లాడుతున్నారు. ఎవరు వినిపిస్తారు? మొదటి నెల స్టూడియోలో నిలబడే చోటు ఉండదు, అందరికీ తమ గొంతు వినాలని ఉంటుంది. తర్వాత ఒకడికి బెంగళూరులో ఉద్యోగం, ఒకమ్మాయికి పెళ్లి, ఒకరికి డిగ్రీ పరీక్షలు. చివరికి మిగిలేది నేనూ, ఒక ఫ్యానూ. పొద్దున్న రికార్డు చేసిందే మధ్యాహ్నం, అదే రాత్రి. మేం వినాయకచవితి కార్యక్రమం దీపావళి దాకా వేశాం.

నిలబడింది ఒక్కటే. రోజూ ఆరున్నరకి ఒక రిటైర్డ్ పోస్టుమాన్ వచ్చి పది నిమిషాలు చదివేవాడు. ఎవరింట్లో పెళ్లి, ఎవరు పోయారు, దినం ఎప్పుడు, ఎవరి దూడ తప్పిపోయింది, ఏ బస్సు రద్దయింది. గొంతు ఏమంత బాగోదు, మధ్యలో దగ్గేవాడు. ఆయనకి జ్వరమొచ్చి రెండ్రోజులు రాకపోతే జనం స్టేషన్‌కి వచ్చి అడిగారు. మిగతా కార్యక్రమాలు ఆగిపోయినప్పుడు ఒక్కరూ అడగలేదు. కాబట్టి ముందు లైసెన్స్ వెతక్కండి, ఆ పది నిమిషాల మనిషిని వెతకండి. దొరికితే, మైకుసెట్టు అద్దెకి తెచ్చి సంతలో వారానికోసారి చదివించి చూడండి. జనం నిలబడి వింటే అప్పుడు ఢిల్లీకి కాగితాలు పెట్టండి. అనుమతి వచ్చేసరికి ఎలాగూ చాలా టైము పడుతుంది, ఆలోగా చేయి తిరుగుతుంది.

నూటొక్క_డౌటు
ఇన్ని డౌట్లు అడిగినవాణ్ణి, దీనికి మాత్రం అడగను. ఇది చేయండి.

భీమారం_రొయ్య
ఆరున్నర మాకు లేటు. అయిదింటికి చదవమనండి.

కుట్టుసూది_కథలు
అయిదింటికి ఎవరు లేస్తారు? పొయ్యి దగ్గర పని అయ్యాక, పదకొండుకి చదవండి.

బోడసకుర్రు_కుర్రాడు
రెండుసార్లూ చదివిద్దాం. మనిషి ఒకాయన ఉన్నారు, అంబాజీపేటలో కాయల కొట్టు ముందు రోజూ పేపరు పైకి చదివి అందరికీ వినిపిస్తారు. చుట్టూ వలుపు పనివాళ్లు పలుగుకి కాయ గుచ్చి డొక్క (పైపీచు) తీస్తూనే వింటుంటారు. మధ్యలో ఆయన వ్యాఖ్యానం పేపరు కంటే బాగుంటుంది, అదొక్కటే భయం.

తీగ_తెగిన_ట్రాన్సిస్టర్
భయం వద్దు, అదే కావాలి. సోమవారం అటు వస్తున్నాను. రికార్డర్ నాది, బ్యాటరీలు మీవి. డొక్క తీసే చప్పుడు వెనకాల రానివ్వండి, ఆపించకండి.

గోదారి_గట్టు
నేనూ వస్తా. కమిటీ పేర్లు కాగితం మీద రాసి తీసుకురా, పేటల వారీగా.